కదలిక లేదు

ఆ కొండని నమ్మి దాని కింద పదకొండు ఇళ్ళు కట్టారు. నిజం చెప్పాలంటే కొండని నమ్మి కాదు. ఆమెని నమ్మి.

ఆమెకి పేరు లేక కాదు గానీ ఆఫీసులో, వీధిలో, చివరికి బస్సు కండక్టరు నోట కూడా ఆమె టేపు మేడమే. భూసంరక్షణ శాఖలో ఫీల్డు అసిస్టెంటు. నెలలో మొదటి సోమవారం భుజాన సంచీ, నడుముకి యాభై మీటర్ల స్టీలు టేపు, చేతిలో కర్రతో కొండెక్కేది. సగం ఎత్తులో పొదల మధ్య ఏనుగంత బండ ఒకటుంది. దాని నెత్తిన తెల్ల రంగుతో కూడిక గుర్తు. చుట్టూ వాలు మీద పధ్నాలుగు ఇనుప కడ్డీలు, సిమెంటు పోసి పాతినవి. బండ మీది గుర్తు నుంచి ఒక్కో కడ్డీకి టేపు లాగి దూరం చూడాలి. పోయిన నెల ఎంతుందో ఈ నెలా అంతే ఉంటే కొండ నిలబడి ఉన్నట్టు. తేడా వస్తే జారుతున్నట్టు. పన్నెండేళ్ళలో తేడా రాలేదు. రిజిస్టర్లో చివరి గడిలో "కదలిక లేదు" అని రాసి, సంతకం గీకి, మోకాళ్ళు పట్టుకుని దిగేది.

ఆ కాగితాలు చూసే కొండ కింద ఇళ్ళకి అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి చూసే ఆమె అక్కా బావా అక్కడ స్థలం కొన్నారు. కొనే ముందు బావ ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఏం మరదలా, ఈ కొండ మంచిదేనా?"

"నా కంటే మంచిది."

"అయితే ఆలోచించుకోవాల్సిందే."

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఈ శాఖలోకి కోరి ఎవరూ రారు. ఆమె కూడా రాలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆగిపోయాక శాఖ నర్సరీలో రోజుకూలీగా చేరింది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి కూరడం, మొక్కలు లెక్కపెట్టడం. మిగతావాళ్ళు సంచులు లెక్కపెట్టి అన్ని మొక్కలున్నట్టు రాసేవాళ్ళు. ఈ పిల్ల ఎండిపోయినవి పక్కకి తోసి బతికినవే రాసింది. వందకి అరవై తేలాయి. అప్పటి అధికారి, అందరూ పెద్దసారు అనేవాళ్ళు, ఆ కాగితం చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. "నా నర్సరీ పరువు తీశావు కదే," అన్నాడు. మర్నాటి నుంచి ఆమెని జీపెక్కించుకుని తిప్పాడు.

ఎండుకట్టెలాంటి మనిషి. కోపమొస్తే బూతులకి బదులు మట్టి రకాల పేర్లు వచ్చేవి. తడి మట్టిని వేళ్ళ మధ్య నులిమి పుల్లలా సాగదీస్తే, తెగకుండా ఎంత పొడుగొస్తే అంత జిగట ఉన్నట్టని ఆయనే నేర్పాడు. వాలుకి అడ్డంగా తవ్విన కందకం ఒక కొస బెత్తెడు కిందికి దిగితే చాలు, అది నీళ్ళని ఆపడం మానేసి మోసుకెళ్ళి ఒకేచోట కుమ్మరిస్తుందనీ నేర్పాడు. ముప్పై నాలుగేళ్ళు ఆమె అదే పని చేసింది. కందకాలు, రాతికట్టలు, గడ్డి నాటడం, గుంతలు లెక్కపెట్టడం. ఎండలకి మొహం ఇటుక రంగుకి తిరిగింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేది.

"కొండని కట్టుకుంది మా మరదలు," అనేవాడు బావ. "సంసారమంటే అదీ. మొగుడు ఎక్కడికీ కదలడు."

కొండ మీద కడ్డీలు పాతిన రోజు పెద్దసారు కూడా వచ్చాడు. ఆయన రిటైర్మెంటుకి ఇంకో నెలే ఉంది. బండ చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని మొదట్లో మట్టి కాలితో గీరి చూశాడు.

"గుర్తు పెట్టావు సరే. ఈ బండ దేని మీద కూర్చుందో చూశావా?"

"ఇంత బండ ఎక్కడికి పోతుంది సార్?"

"అదే భయం నాకు. ఏడాదికోసారి వాగు దాటి ఎదుటి గట్టు మీంచి దీన్ని చూడు. కొండ సంగతి కొండ మీద నిలబడితే తెలీదు."

ఎదుటి గట్టు మీద గట్టి రాతిపొర చూసి ఇత్తడి బిళ్ళ బిగించాడు. దాని మీద మూడుకాళ్ళ సర్వే యంత్రం నిలిపి, దుర్భిణిలోంచి బండ మీది గుర్తు చూపించి, కోణం ఆమె చేతే రాయించాడు.

మొదటి ఏడాది వెళ్ళింది. రెండో ఏడాదీ వెళ్ళింది. కోణం పొల్లుపోలేదు. మూడో ఏడాది వాగు మీది నడకవంతెన కొట్టుకుపోయింది. చుట్టు తిరిగి వెళ్ళి రావాలంటే ఒక పూట పడుతుంది, యంత్రమేమో భుజం విరిగేంత బరువు. పైగా ఆఫీసు ఫారంలో ఆ కొలతకి గడి లేదు. గడి లేని పనికి జీపు ఇవ్వరు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది. ఆ వచ్చే ఏడు పదేళ్ళపాటు రాలేదు.

ఇది ఈ పని చేసేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. మామూలు మనిషైతే కొండని అనుమానిస్తాడు. వీళ్ళు కడ్డీని అనుమానిస్తారు, టేపుని అనుమానిస్తారు, ఎండకి స్టీలు ఎంత సాగిందో లెక్కకట్టి మరీ తీసేస్తారు. గుర్తు పెట్టిన బండ జోలికి మాత్రం పోరు. దాన్ని అనుమానిస్తే ఇక దేన్ని పట్టుకుని కొలవాలి?

అక్క ఇల్లు వరసలో ఏడోది. వెనక గోడకి ఇరవై అడుగుల దూరంలో కొండ మొదలవుతుంది. ముందు గది బావ వడ్రంగం షెడ్డు. నేలంతా చిత్రిక పొట్టు, కాలు పెడితే మెత్తగా దిగేది. ఆ వీధిలో చాలా ఇళ్ళ ద్వారబంధాలు ఆయన చేతివే. పోయిన చలికాలం నుంచి అక్క వాళ్ళ వెనక తలుపు పట్టేయడం మొదలుపెట్టింది. బావ దాన్ని ఊడదీసి, అంచుకి చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. రెండు నెలలకి మళ్ళీ పట్టేసింది. మళ్ళీ చిత్రిక పట్టాడు.

"ఇలా చెక్కుకుంటూ పోతే చివరికి గడియ ఒక్కటే మిగులుతుంది," అంది అక్క.

"చెక్క తేమ లాగుతుందే. అది ఊపిరున్న వస్తువు."

"నీకూ ఊపిరుంది కదా. వానాకాలం వచ్చాక నిన్ను ఎవరూ చెక్కరేం?"

వీధి కొళాయి గొట్టం ఒకేచోట మూడుసార్లు పగిలింది. ప్లంబరు గొట్టం చేసినవాణ్ణి తిట్టి అతుకేసి పోయాడు. కొండ మొదట్లో ఏడాది పొడుగునా కారే ఊట ఆగిపోయింది. ఎండలు మండుతున్నాయి కదా అనుకున్నారు. కరెంటు స్తంభాల మధ్య తీగలు ఒకవైపు వేలాడిపోయాయి, ఇంకోవైపు తెగేలా బిగిశాయి. లైన్‌మన్ వచ్చి ఒకటి లాగి ఒకటి వదిలి వెళ్ళాడు. ఎవరి పని వాళ్ళు శుభ్రంగా చేశారు. పక్కవాడి పని ఎందుకు పెరిగిందో ఎవరూ అడగలేదు. టేపు మేడం మాత్రం? ప్రతి ఆదివారం భోజనానికి వచ్చి, ఆ తలుపుని భుజంతో తోసుకుని పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కునేది. భుజంతో తోసేది. అంతే.

ఆమె రిటైర్మెంటుకి ఎనిమిది నెలలున్నాయనగా, వాగు అవతల పాత రాతికట్టలు ఎన్ని మిగిలాయో చూసి రమ్మన్నారు. ఈ పనికి గడి ఉంది కాబట్టి జీపు ఇచ్చారు, యంత్రమూ ఇచ్చారు. మధ్యాహ్నం డబ్బా తిని లేస్తుంటే చెప్పు కింద ఏదో గట్టిగా తగిలింది. గడ్డి పక్కకి తీస్తే ఇత్తడి బిళ్ళ. మొహం చాటేసిన చుట్టం ఎదురుపడ్డట్టు అనిపించింది ఆమెకి. సరే, వచ్చాం కదా అని యంత్రం దాని మీద నిలిపింది. నీటి బుడగ మధ్యకొచ్చేదాకా మరలు తిప్పింది. దుర్భిణిలో కన్ను పెట్టి పాత కోణానికి బిగించింది. అది ఆమెకి పుస్తకం చూడకుండానే గుర్తు.

తెల్ల గుర్తు అక్కడ లేదు.

అడ్డగీత మీద ఉండాల్సింది, గీతకి కింద ఉంది.

యంత్రం వంకర అనుకుంది. ఎత్తి మళ్ళీ నిలిపింది. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ గుర్తు గీత కిందనే, తల వంచుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. సాయంత్రం ఆఫీసు బీరువాలోంచి అట్ట ఊడిన పాత పుస్తకం తీసి లెక్క కట్టింది. బండ జానెడున్నర కిందికి దిగింది. బండతో పాటు పధ్నాలుగు కడ్డీలూ దిగాయి, పొదలూ దిగాయి, నెలనెలా వాటి మధ్య టేపు లాగుతూ ఆమె కూడా దిగింది. బస్సులో కూర్చున్నవాళ్ళు ఒకరికీ ఒకరికీ మధ్య దూరం కొలుచుకుంటే బస్సు ఆగి ఉన్నట్టే తేలుతుంది. పన్నెండేళ్ళు ఆమె చేసింది అదే.

మర్నాడు తెల్లారగానే కొండ నెత్తికెక్కింది. ఎనిమిదేళ్ళ కిందట శాఖ అక్కడి పెద్ద చెట్లన్నీ కలప కోసం కొట్టించింది. చెట్టు కొట్టిన రోజున కొండకి ఏమీ కాదు. వేళ్ళు లోపల కుట్లు వేసినట్టు పట్టుకునే ఉంటాయి. అవి కుళ్ళడానికి ఏళ్ళు పడుతుంది. ఆమె ఒక మొద్దు పక్కన కూర్చుని బొటనవేలంత వేరు పట్టి లాగింది. టీలో ముంచిన బిస్కెట్టులా విరిగి చేతిలోకొచ్చింది. బదులుగా నాటిన మొక్కలు రెండేళ్ళు కూడా నిలవలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ వేళ్ళ గురించి ఆలోచించలేదు, కింద బండ బాగానే ఉందిగా అని.

కాస్త అవతల ఎవరో మేకల కాపరి నేల మీద అడ్డంగా కొమ్మలు పరిచి ఉంచాడు, మేకల కాళ్ళు పడకుండా. కొమ్మలు తీసింది, ఆకులు ఊడ్చింది. నేల చీలి ఉంది. వెడల్పు అరచేయంత. టేపు కొస లోపలికి వదిలింది. ఒక మీటరు. రెండు. మూడు. నాలుగున్నర దగ్గర ఇంక వదలడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. అడుగు తగల్లేదు. లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది.

చీలిక వెంట నడిచింది. అది కొడవలిలా వంపు తిరిగింది. రెండు కొసలూ కిందికి దిగాయి. ఆమె చెట్టు మొద్దెక్కి చూసింది. ఒక కొస వీధి మొదటికి, ఒక కొస వీధి చివరికి. పదకొండు ఇళ్ళూ మధ్యలో.

ఆఫీసరు కుర్రవాడే. మర్యాదస్తుడు. ఆమె చెప్పిందంతా విని, రిజిస్టరు తెప్పించి, పేజీలు తిప్పాడు.

"ఈ సంతకం మీదే కదా మేడం?"

"నాదే సార్."

"పోయిన నెల కదలిక లేదు. అంతకు ముందు నెలా లేదు. నూట నలభై నాలుగు నెలలు లేదు. ఇవాళ ఉందంటారు."

"అప్పుడూ ఉంది సార్. నాకు కనపడలేదు. వానలు పడేలోపు ఆ వీధి ఖాళీ చేయించాలి."

ఆఫీసరు కుర్చీ ముందుకి జరుపుకుని గొంతు తగ్గించాడు. "మేడం, ఎనిమిది నెలల్లో దండ వేయించుకుని వెళ్ళాల్సినవారు. పన్నెండేళ్ళ రికార్డు తప్పని మీరే రాసిస్తే మీ మీదే విచారణ పడుతుంది. నా మాట వినండి. నిపుణుల్ని పంపమని పైకి రాద్దాం. వానలు తగ్గాక వస్తారు."

"వానలు తగ్గాక వాళ్ళు చూడ్డానికి ఏం మిగుల్తుంది సార్?"

ఆమె టేబుల్ మీంచి తెల్లకాగితం లాక్కుని ఒక్క వాక్యం రాసింది. ఈ కొండ గురించి పన్నెండేళ్ళుగా నేను రాసిన 'కదలిక లేదు' అన్న మాట తప్పు. కింద సంతకం. ఆఫీసరు దాన్ని వేడి గిన్నెలా రెండు వేళ్ళతో పట్టుకుని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. "చూస్తాను మేడం," అన్నాడు. ఆ కాగితం అక్కడే ఉండిపోయింది. ఇంకో కాగితం మీద అదే వాక్యం రాసుకుని ఆమె వీధికి బయల్దేరింది.

సాయంత్రం బావ షెడ్డు ముందు వీధంతా పోగైంది. ఆమె చెప్పింది. కాగితం మీది వాక్యం చదివి, కింద సంతకం చూపించింది. అందరికంటే ముందు లేచింది నకళ్ళ తాత. రిటైరైన గుమాస్తా, ఒంటరి మనిషి, వీధి చివరింట్లో ఉంటాడు. ఏ కాగితం దొరికినా నకలు తీసి పెట్టుకునే అలవాటు, అందుకే ఆ పేరు. ఇంట్లోకి వెళ్ళి మందపాటి ఫైలు ఒకటి పట్టుకొచ్చాడు.

"అమ్మాయ్, ఇల్లు కొన్నప్పుడు మీ ఆఫీసు నుంచి ఇవన్నీ అడిగి తీసుకున్నాను. ఏటా తీసుకుంటూనే ఉన్నాను. ఈ సంతకం చూసి ఇక్కడికొచ్చాను. ఇప్పుడు ఇదే సంతకం చూపించి పొమ్మంటున్నావు. ఏ సంతకాన్ని నమ్మమంటావు?"

"కొత్తదాన్ని బాబాయిగారూ."

"పాతది నూట నలభై నాలుగుసార్లు పెట్టావు. కొత్తది ఒక్కసారి."

జనం గొల్లున నవ్వారు. "రిటైరైతే ఊసుపోదని మేడం కొండని కదిలిస్తోంది," అన్నారెవరో. "మమ్మల్ని పంపేసి ఈ ఇళ్ళు అక్క తీసుకుంటుందా, చెల్లి తీసుకుంటుందా?" అన్నారింకెవరో. ఆ మాటకి అక్క మొహం మాడిపోయింది. బావ తల దించుకుని రంపం పళ్ళు చూసుకుంటున్నాడు.

అందరూ వెళ్ళాక అక్క అడిగింది. "నిజమేనా చిన్నదీ?"

"అక్కా, నిన్ను ఇక్కడికి తెచ్చింది నేనే."

"అడిగింది అది కాదే."

"నిజం."

బావ విసుక్కున్నాడు. "నలుగురిలో తల తీసేసినట్టయింది నాకు. ఏదో యంత్రంలో గీత కింద కనపడిందట. రేపు పైన కనపడుతుంది."

"బావా, వెనక ద్వారబంధానికి మూలమట్టం పెట్టి చూశావా?"

"తలుపు పట్టేస్తే తలుపు చెక్కుతారు మరదలా. ద్వారబంధం నేను పెట్టిందే. దాన్ని చూసేదేంటి?"

"నాకూ అలాంటి బండ ఒకటి ఉండేది," అంది ఆమె.

బావ గోడకి వేలాడుతున్న ఎల్ ఆకారపు మూలమట్టం తీసుకుని విసవిసా వెనక్కి వెళ్ళాడు. ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు. పై మూలలో ఇనుప మూలమట్టం ఆనించాడు. ఒక పక్క చట్రానికి అంటుకుంది. ఇంకో పక్క అంటుకోలేదు. మధ్యలో ఆయన చూపుడువేలు దూరింది. మిగతా మూలలూ చూశాడు. కొలబద్ద పెట్టి కొలిచి నాలుగు మూలలూ సమంగా తను నిలబెట్టిన చట్రం, ఒక మూల నొక్కిన అగ్గిపెట్టెలా పక్కకి ఒరిగింది.

బావ గడప దగ్గర తన చిత్రిక రాల్చిన పొట్టు గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"ఎండల్లో చెక్క ఉబ్బదు," అన్నాడు. "ముడుచుకుంటుంది. ఆ ముక్క నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ చెక్కుతూ కూర్చున్నాను."

ఆ సాయంత్రమే మూలమట్టం పట్టుకుని వీధి మొదటింటి నుంచి బయల్దేరాడు. ఏ ఇంట్లోకైనా పోవడం, తను పెట్టిన ద్వారబంధానికి మూలమట్టం ఆనించడం, ఇంటివాళ్ళ చెయ్యి పట్టి వేలు ఆ సందులో పెట్టించడం. అంతే. మేడం మాటకి నవ్వినవాళ్ళు వడ్రంగి చూపిన సందులో వేలు పెట్టి నోరు మూసుకున్నారు. మూడు రోజుల్లో పది ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మంచాలు, బీరువాలు, బావ పనిముట్ల సంచీ అన్నీ చుట్టు తిరిగి వాగు అవతల మూతపడ్డ బడిలోకి చేరాయి. నకళ్ళ తాత మాత్రం కదల్లేదు. సందులో ఆయన వేలు కూడా దూరింది. వేలు బయటికి తీసి చొక్కాకి తుడుచుకుని, "నా తలుపులు బాగానే పడుతున్నాయిలే," అన్నాడు.

వానలు వచ్చాయి. నాలుగు రోజులు ఏకధాటిగా కురిసింది. ఆమె ఇత్తడి బిళ్ళ దగ్గర టార్పాలిన్ కట్టించుకుని యంత్రం ముందు కూర్చుంది. సెలవు పెట్టి కూర్చుంది, గడి లేని పని కదా. మొదటి రోజు గుర్తు గోరంత దిగింది. రెండో రోజూ గోరంతే. మూడో రోజు వేలెడు. నాలుగో రోజు బెత్తెడు. బడిలో మూడు గదుల్లో పది కాపురాలు, తడి బట్టల కంపు, ఒకటే సణుగుడు. "ఏదీ కొండ? అక్కడే ఉందిగా, మహారాజులా." అక్క చెల్లెలికి డబ్బా తెచ్చి ఇచ్చి, కొండవైపు చూడకుండా వెళ్ళిపోయేది.

అయిదో రోజు పొద్దున్నే ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, పండగ చేసుకోమన్నట్టు కాసింది. బడి ఖాళీ అవడం మొదలైంది. ఒకళ్ళు దుప్పట్లకి, ఒకళ్ళు గ్యాసు బండకి, ఒకళ్ళు ఊరికే ఇల్లు చూసుకోవడానికి.

"చిన్నదీ, అక్కడ ఒక్క గంటే. బట్టల పెట్టె ఉండిపోయింది. మీ బావకేమో ఆ పనిబల్ల లేకపోతే నిద్ర పట్టట్లేదు."

"వద్దక్కా. నీళ్ళు ఇంకా లోపలికి దిగుతూనే ఉన్నాయి. పైన ఎండ కాస్తే లోపల ఎండదు."

"వానలో పడనిది ఎండలో పడుతుందా?"

"వానకంటే ఇప్పుడే భయం."

వెళ్ళారు. ఏడుగురు వెళ్ళారు. ఆమె యంత్రం వదిలి వెళ్ళలేదు. గుర్తు కదిలితే ఈల వేస్తాను, అన్నీ వదిలేసి పరిగెత్తండి అని చెప్పింది. బావ వెక్కిరింతగా సెల్యూట్ కొట్టాడు.

పదిన్నరకి దుర్భిణిలో కన్ను పెట్టింది. గుర్తు గీత మీదికి తెచ్చి బిగించింది. ఊపిరి పీల్చి వదిలేలోగా గుర్తు గీత దాటింది. ముందు ఎప్పుడో కదిలింది కాదు, చూస్తుండగానే కదులుతోంది. ఆమె ఈల నోట్లో పెట్టుకుని చెంపలు పగిలేలా ఊదింది. మధ్యలో వాగు నాలుగు రోజుల నీళ్ళతో హోరుమంటోంది. ఈల ఆ హోరు దాటలేదు. అవతల వీధిలో ఒక చిన్న ఆకారం తీరిగ్గా దుప్పటి దులుపుతూనే ఉంది. ఆమె ఊదింది, చేతులు ఊపింది, కేకలు పెట్టింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

అదే నిమిషంలో ఇంట్లో ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు. పనిబల్ల ముందుకి లాగి, వెనక పెరట్లోంచి ఏదో తెద్దామని అటు వెళ్ళాడట. ఎప్పట్లాగే భుజం ఆనించబోయాడు. భుజం తగలకముందే తలుపు తెరుచుకుంది. నెమ్మదిగా, చప్పుడు లేకుండా, కొత్తగా నూనె వేసినట్టు దానంతట అదే గోడదాకా వెళ్ళింది. ఆరు నెలలు ఆయన చెక్కీ చెక్కీ తెరవలేకపోయిన తలుపు.

ఇంకొకడైతే సంతోషించేవాడు. బావ వడ్రంగి. బిగిసిన తలుపు ఊరికే వదిలిందంటే చట్రం పగ్గాలు తెంచుకుందని అర్థం. అక్క జబ్బ పట్టుకుని, పెట్టె పెట్టెలాగే వదిలి వీధిలోకి లాక్కొచ్చాడు. చేతిలో కొయ్యసుత్తితో ప్రతి తలుపునీ బాదుతూ, "బయటికి! బయటికి!" అని అరుస్తూ చివరిదాకా పరిగెత్తాడు. అయిదుగురు బయటపడ్డారు. నకళ్ళ తాత అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా లేచాడు. ఈసారి వాదించలేదు. "ఒక్క నిమిషం, ఫైలు తెచ్చుకుంటా," అని లోపలికి వెళ్ళాడు.

టేపు మేడం దుర్భిణిలోంచి కన్ను తీయలేకపోయింది. బండ దొర్లలేదు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని కుర్చీతో సహా మోసుకొస్తున్నట్టు నిటారుగా, తెల్ల గుర్తు నెత్తిన పెట్టుకుని దిగింది. చుట్టూ కడ్డీలు వరస తప్పకుండా దిగాయి. చివరి క్షణందాకా బండకీ కడ్డీలకీ మధ్య దూరం మారలేదు. అప్పుడు టేపు పెట్టి కొలిచినా కదలిక లేదనే వచ్చేది. తర్వాత అన్నిటినీ కూలిన ఇళ్ళ దుమ్ము కప్పేసింది, దుమ్ము వెనక చప్పుడు వచ్చింది. అది ఆగాక వాగు హోరు కూడా లేదు. వాగు పూడిపోయింది.

ఆఫీసరు పేపర్‌వెయిట్ కింది కాగితాన్ని ఆ సాయంత్రమే పైకి పంపాడు. విచారణకి ముగ్గురొచ్చారు. ముగ్గురికీ ఆమె ఒకటే చెప్పింది: కొలత తప్పు కాదు, నిలబడ్డ చోటు తప్పు. వాళ్ళు అది రాసుకోలేదు. వాళ్ళ ఫారంలో దానికి గడి ఉన్నట్టు లేదు. నకళ్ళ తాత మూడో రోజు దొరికాడు. ఫైలు దొరకలేదు. ఆమె అడగలేదు కూడా. కానీ ఆ నూట నలభై నాలుగు సంతకాలు ఆ మట్టి కింద ఎక్కడో తడుస్తూ ఉన్నాయని ఆమెకి ప్రతి వానకీ గుర్తొచ్చేది.

బడి గదుల్లోనే కాపురాలు సాగాయి. వారం గడిచింది. మళ్ళీ ముసురు పట్టింది. ఒక పొద్దున టేపు మేడం అక్క గదిలో టీ తాగుతోంది. అక్క బయటికి వెళ్దామని తలుపు లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. కింద పట్టేసింది.

ఎవరి చేతిలో గ్లాసు వాళ్ళ చేతిలోనే ఉంది.

బావ లేచి పనిముట్ల సంచీ విప్పాడు. పైనే చిత్రిక ఉంది. దాన్ని పక్కన పెట్టి, అడుగునున్న మూలమట్టం తీశాడు. ద్వారబంధం పై మూలకి ఆనించి, కన్ను దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కింది మూల. టేపు మేడం చెయ్యి అప్పటికే నడుము దగ్గర టేపు మీద ఉంది.

"చట్రం మూలకి సరిగ్గానే ఉంది," అన్నాడు బావ. "చెక్కే. ముసురుకి ఉబ్బింది."

టేపు మేడం టేపు మీంచి చెయ్యి తీయలేదు.

"ఇంకోసారి పెట్టి చూడు," అంది అక్క.